అక్కర్లేనివాడు

నోలా పోయిన ఏడాది పొగాకు విరగపండింది. ఆమె బతికున్నన్నాళ్లూ ఒక ఏడు ఎండ, ఒక ఏడు తెగులు. ఫిబ్రవరిలో ఆమెను కొండ మీద పాతిపెట్టి వచ్చాం. ఆగస్టు వచ్చేసరికి మొక్క నా తల దాటి లేచింది. చూడ్డానికి ఆమె లేదు. చూసి సంతోషించే ఓపిక నాకు లేదు.

కోత మొదలుపెట్టిన రోజు పొద్దున్నే డెల్మర్ ట్రక్కు వచ్చి కంచె బయట ఆగింది. ఎప్పుడూ అక్కడే ఆగుతుంది. డెల్మర్ నోలా తమ్ముడు, నాకు బావమరిది. వాడు పుట్టిందీ పెరిగిందీ ఆ ఇంట్లోనే. నేను ఇల్లరికం వచ్చినవాణ్ణి. అయినా ఆ ఇంటి గుమ్మం ఎక్కేది నేను, కంచె అవతల బండి ఆపుకునేది వాడు. పద్నాలుగేళ్లుగా అదే తంతు.

అంతటికీ కారణం ఒక్క మాట. సైన్యం వాణ్ణి ఇంటికి పంపేస్తూ కాగితం మీద రాసిన మాట. కాగితంలో అది పెద్ద మాట. మా లిక్ ఫోర్క్ లోయలో చెప్పుకునేటట్టు చెబితే, అక్కర్లేనివాడు. మా మామ ఎలైజా పెద్ద యుద్ధంలో జర్మనీ దాకా నడిచి, తొడలో ఇనపముక్కతో తిరిగొచ్చినవాడు. కొడుకు తెచ్చిన కాగితం చదివించుకుని విన్నాడు. విని, "ఆ మాట మార్పించుకొని రా. అప్పుడెక్కు గుమ్మం" అన్నాడు. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. ఎవర్నీ ఎత్తనివ్వలేదు.

మాట మారలేదు. వాడు గుమ్మం ఎక్కలేదు. కొండకి అవతల రంపపు మిల్లులో పని చూసుకున్నాడు. పొగాకు కోతకి మాత్రం ఏటా పిలవకుండానే వచ్చేవాడు. మధ్యాహ్నం నోలా పళ్లెం పట్టుకుని ట్రక్కు దగ్గరికి వెళ్లేది. చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె, టమాటా ముక్కలు. వాడు బండి వెనక పలక దించి దాని మీద కూర్చుని తినేవాడు. అక్కాతమ్ముళ్లు అక్కడే మాట్లాడుకునేవాళ్లు. వాన పడితే ఆమె గొడుగు పట్టేది.

ఈ ఏడు పళ్లెం నేనే పట్టుకెళ్లాను.

"ఏం బావా, పెళ్లిచూపులకొచ్చినట్టు పళ్లెం పట్టుకొస్తున్నావు?"

"తిని చావు. రొట్టె కొంచెం మాడింది."

"కొంచెమా? దీంతో గుర్రానికి నాడా కొట్టచ్చు." కొరికి, నమిలి, టీతో దింపుకున్నాడు. "అక్క చేస్తే పంటికి తగిలేది కాదు."

"అయితే మీ అక్కనే లేపుకొచ్చి చేయించుకో."

అన్నాక నాకే తగిలింది. వాడు పళ్లెంలోకి చూశాడు. టీ గ్లాసు పక్కన పెట్టి, "నీతో పని పడింది బావా" అన్నాడు.

"కోతయ్యాక చెప్పు."

"అప్పటిదాకా ఆగదు. ఆ మాట మార్చమని అర్జీ పెట్టాను. పదిహేనేళ్లు దాటితే ఇక అడగడానికి ఉండదట. వచ్చే ఏటితో సరి. సెప్టెంబరులో సైన్యం బోర్డు లూయివిల్ వస్తోంది. నా తరఫున మాట్లాడ్డానికి నన్నెరిగిన మనిషి కావాలి."

"మీ నాన్న లేడూ?"

"ఎకసెక్కాలు వద్దు బావా."

"మిల్లులో ఎవడూ దొరకలేదా?"

"దొరికారు. ఇంట్లోవాళ్లు చెబితేనే బరువుంటుందంది లాయరమ్మ. అక్కుంటే అక్కే వచ్చేది." రొట్టె ముక్క విరిచి, తినకుండా పళ్లెంలోనే పెట్టాడు. "నాన్న ఇంకో క్రిస్మస్ చూసేటట్టు లేడు. నువ్వే అన్నావుగా. ఆయన పోయేలోపల ఒక్కసారి ఆ గదిలోకెళ్లి కూర్చోవాలి. నాకింకేం వద్దు."

వాడు నన్నడగకూడదు. అది వాడికీ తెలుసు. నాకో తమ్ముడుండేవాడు, కార్లిస్. వాడూ డెల్మరూ ఒకే బస్సెక్కి సైన్యానికి వెళ్లారు. కార్లిస్‌ని వియత్నాం పంపారు. డెల్మర్‌ని పంపే లోపల, ఆ ఏడు ఆగస్టులో, వాడు శిబిరం వదిలేసి ఇంటికి నడిచొచ్చేశాడు. కార్లిస్ చచ్చిపోయిన వారంలో వీడు మామ పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో పై దూలాల మీద నిలబడి, మొక్కలు గుచ్చిన కర్రలు ఎక్కిస్తున్నాడు. మా తమ్ముడు మేకులు కొట్టిన పెట్టెలో వచ్చాడు. తెరవద్దన్నారు. మేం తెరవలేదు.

ఈ సంగతి వాడి దగ్గర నేనెప్పుడూ ఎత్తలేదు. నోలా దగ్గర ఎత్తేవాణ్ణి.

ఆసుపత్రిలో చివరి రోజుల్లో ఆమె నా చొక్కా చెయ్యి పట్టుకుంది. "వాడి కోసం ఒక్కసారి నోరు విప్పు, హోబర్ట్" అంది. నేను "చూద్దాం" అన్నాను. నా చూద్దాం సంగతి ఆమెకి బాగా తెలుసు. గోడవైపు తిరిగి పడుకుంది.

"ఏ రోజు?" అని అడిగాను డెల్మర్‌ని.

వాడు తలెత్తలేదు. రొట్టె మొత్తం తిన్నాడు, మాడిన అంచుతో సహా.

* * *

మామ వెనక గదిలో కిటికీ పక్కన పడుకుని ఉండేవాడు. కళ్లు మసక. ఊపిరి అందేది కాదు. చెవులు మాత్రం కుక్క చెవులు. పొలంలో పొగాకు మొక్కని కత్తితో నరికే చప్పుడు, దాన్ని కర్ర మొనకి గుచ్చే చప్పుడు విని, ఎవరు నరుకుతున్నారో చెప్పేసేవాడు.

"ఎవరిదా దెబ్బ? ఒక్క వేటుకి తెగుతోంది."

"నీ కొడుకుది."

"నాకు కొడుకు లేడు. కూలివాడా?"

"కూలి పుచ్చుకోడు."

"మరి పిచ్చివాడా?"

"నీ పోలికే."

నవ్వబోయి దగ్గాడు. వీపు నిమిరి నీళ్లు పట్టాను. మళ్లీ చెవి కిటికీ వైపు పెట్టాడు. ఆ చప్పుడు ఆగేదాకా ఆయన నిద్రపోడని ఆ కోతల్లో కనిపెట్టాను. నోలాకి ముందే తెలిసుంటుంది. నాకు చెప్పలేదు.

మా లోయ మనుషులకి నోరు తక్కువ. తిట్టడానికి బోలెడు మాటలున్నాయి, మెచ్చుకోడానికి ఉన్నది ఒక్కటే. పనికొస్తుంది. మంచి కంచరగాడిద పనికొస్తుంది. వరదొచ్చినా కదలని వంతెన పనికొస్తుంది. మనిషినైతే బతికుండగా ఆ మాట అనడం అరుదు. అంటే ఇక దాని పైన మాట లేదు. నోలా పెట్టె గోతిలోకి దించినప్పుడు పట్నం నుంచి వచ్చిన పాస్టరు చాలాసేపు మాట్లాడాడు. పువ్వు అన్నాడు, దీపం అన్నాడు. తరవాత మామ కర్ర మీద ఆనుకుని ముందుకొచ్చాడు. "పనికొచ్చింది" అన్నాడు. పాస్టరు మొహం మాడిపోయింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒక్కసారిగా ఏడ్చారు.

డెల్మర్‌ని గురించి ఆయన ఆ మాట ఎప్పుడూ అనలేదు. నేనూ అనలేదు.

* * *

లాయరమ్మ పేరు కెండ్రా వాస్. పేదవాళ్ల కేసులు ఊరికే చూసే ఆఫీసు నుంచి వచ్చింది. చిన్నపిల్ల. మంచి బూట్లతో బ్యారన్‌లోకి నడిచొచ్చింది. నేను దూలం మీద నుంచి దిగేదాకా మెడ ఎత్తి చూస్తూ నిలబడింది.

"హోబర్ట్ గారూ, వాళ్లు మిమ్మల్ని ఒకటే అడుగుతారు. డెల్మర్ ఎలాంటి మనిషి అని. దానికి మీరు నిండుగా చెప్పాలి. నిజాయితీపరుడు, బాధ్యత తెలిసినవాడు, కష్టపడేవాడు, ఊళ్లో అందరికీ గౌరవం. ఇలా."

"ఇవన్నీ నేనెప్పుడూ అనని మాటలమ్మా."

"ఆ ఒక్క రోజు అనండి."

"అరువు చెప్పులేసుకుని నడిచినట్టుంటుంది."

"నడవండి. గది చిన్నదే." ఆ పిల్లకి జవాబులు బాగానే వచ్చు. పుస్తకం మూసి, "మీ తమ్ముడి సంగతి డెల్మర్ చెప్పాడు. మీకు కోపం ఉంటుంది. న్యాయమే. ఆ కోపం మాత్రం ఆ గదిలోకి తీసుకురాకండి" అంది.

"వాడు చెప్పాడా?"

"మొదటి రోజే చెప్పాడు. మిమ్మల్ని అడగడానికి తనకి మొహం లేదన్నాడు."

నేను మళ్లీ నిచ్చెనెక్కాను. కింద డెల్మర్ కర్ర అందించాడు, నేను అందుకుని దూలాల మీద పెట్టాను. ఆ పూటంతా మేం మాట్లాడుకోలేదు. పొగాకు ఎక్కించేటప్పుడు మాటలక్కర్లేదు. కిందివాడి చెయ్యి లేచేసరికి పైవాడి చెయ్యి దిగాలి, అంతే. ఒకడు ఏమరితే ఇద్దరూ పడతారు. వాడితో ఎక్కించిన పద్నాలుగేళ్లలో నేను ఒక్కసారీ పడలేదు.

* * *

లూయివిల్ వెళ్లిన రోజు వాన. మంచిదైంది. లేకపోతే ఒక రోజు కోత పోయేది.

డెల్మర్ నల్ల కోటు వేసుకొచ్చాడు. చేతులకంటిన పొగాకు జిగురు వదలడానికి పచ్చి టమాటాలు నలిపి రుద్దుకున్నాడట, అయినా గోళ్ల చుట్టూ నలుపు ఉండిపోయింది. దారంతా చేతులు కోటు జేబుల్లో పెట్టుకోవాలని చూశాడు. బండి నడిపేవాడు ఎలా పెట్టుకుంటాడు?

పొడుగాటి బల్ల వెనక ఐదుగురు అధికారులు. మధ్యలో కల్నల్. మర్యాదస్తుడే. నీళ్లు తాగుతారా అని అడిగాడు. ఏ ఊరివాడో గానీ పొగాకు పండే ఊరివాడు మాత్రం కాదు.

"శిబిరం వదిలి ఎందుకు వెళ్లిపోయారు?"

"పొగాకు కోతకొచ్చిందండీ" అన్నాడు డెల్మర్. "అమ్మ మంచంలో ఉంది. నాన్నకి కాలు లేవదు. అక్కా బావా ఒహాయోలో ఫ్యాక్టరీలో ఉన్నారు. సెలవడిగాను. ఇవ్వలేదు."

"పొగాకు కోసమా?" కల్నల్ కలం ఆగింది. పొగాకంటే ఆయనకి అట్టపెట్టెలో దొరికేది.

"ఆ పంటేనండీ మాకు ఏడాదంతా తిండి."

"పని కాగానే తిరిగి వెళ్దామనుకున్నారా?"

"వెళ్దామనే అనుకున్నానండీ."

"మరి వెళ్లలేదే?"

"నేను బయల్దేరేలోపలే మా నాన్న షెరీఫ్‌కి అప్పజెప్పాడండీ."

"ఎప్పుడు?"

డెల్మర్ చేతులు చూసుకున్నాడు. "ఆఖరి కర్ర ఎక్కించిన మర్నాడు."

బల్ల చివర కూర్చున్న కుర్ర అధికారికి నవ్వొచ్చింది. దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు. నేను వాణ్ణి చూశాను. వాడు మళ్లీ దగ్గలేదు.

తరవాత నా వంతు. ఎన్నాళ్లుగా తెలుసు అన్నారు. వాడు పుట్టినప్పట్నుంచీ, మాది పక్క లోయే అన్నాను.

"మీ బావమరిది ఎలాంటి మనిషో మీ మాటల్లో చెప్పండి" అన్నాడు కల్నల్.

లాయరమ్మ పెదవులు కదుపుతోంది, చర్చిలో పాట మరిచిపోయినవాడికి పక్కవాళ్లు అందించినట్టు. నిజాయితీ, బాధ్యత. నాకు వినిపిస్తూనే ఉంది. నేను డెల్మర్ వైపు చూశాను. నుదురు వంచుకుని, దెబ్బ పడబోతుంటే కాసుకున్నవాడిలా కూర్చున్నాడు. మేకులు కొట్టిన పెట్టె గుర్తొచ్చింది. నోలా వీపు గుర్తొచ్చింది.

"పనికొస్తాడు" అన్నాను.

కల్నల్ ఇంకా ఏదో వస్తుందని చూశాడు.

"అంతేనా?"

"అంతే."

"ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?"

"చెప్పాల్సింది చెప్పాను."

లాయరమ్మ కళ్లు మూసుకుంది. కల్నల్ రాసుకున్నాడు. చిన్న మాట కదా, రాయడానికి ఎక్కువసేపు పట్టలేదు. డెల్మర్ తల ఇంకా కిందికి వంచాడు. చెవులు ఎర్రబడ్డాయి, మెడ దాకా. కోటు చేతితో ఒకసారి ముక్కు తుడుచుకున్నాడు.

నడవలో లాయరమ్మ నా మీద పడింది. "ఏం చేశారండీ మీరు! గాడిదని గురించి చెప్పినట్టు చెప్పారు!"

"గాడిదకి అంత తేలిగ్గా చెప్పమమ్మా."

"ఆయన్నేమీ అనకండి" అన్నాడు డెల్మర్. "మా దగ్గర ఆ మాట..." అని మొదలుపెట్టి, ఎలా చెప్పాలో తెలియక ఆగిపోయాడు. విడమరిచి చెప్పే మాట కాదది. ఆ పిల్లకి సగం అర్థమైంది. గబగబా వెనక్కి వెళ్లి తలుపు తట్టింది. అప్పటికే ఇంకొకణ్ణి లోపలికి పిలిచేశారు.

తిరుగుదారిలో వాన తెరిపిచ్చింది. చాలా దూరం వచ్చాక డెల్మర్ నోరు తెరిచాడు.

"బావా."

"ఊఁ."

"నువ్వంటావనుకోలేదు."

"రోడ్డు చూసి నడుపు."

* * *

నవంబరులో పొగమంచు దిగి, ఎండిన ఆకు మెత్తబడి పదునుకొచ్చింది. బ్యారన్ పక్క గదిలో పొయ్యి వెలిగించుకుని కాడల నుంచి ఆకు ఒలుస్తున్నాం. జవాబు వచ్చిందని లాయరమ్మ ఇంటికి ఫోన్ చేసింది. డెల్మర్‌కి ఫోన్ లేదు, ఆ ఇంట్లోది ఎత్తడానికి గుమ్మం ఎక్కడు. నేనే విన్నాను.

మార్చలేదట. ఇన్నేళ్ల నడవడిక చూశాం, బాగానే ఉంది, కానీ చాలదన్నారట. సొంత బావ కూడా ఇతను పనికొచ్చే మనిషి అన్నదాన్ని మించి ఏమీ చెప్పలేకపోయాడని ప్రత్యేకంగా రాశారట. ఆ ముక్క ఆ పిల్ల నెమ్మదిగా చదివింది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

బ్యారన్‌కి వెళ్లి డెల్మర్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. వాడి చేతులు ఆగలేదు. ఒలిచిన ఆకు కట్ట కట్టి, పక్కన పెట్టి, ఇంకో కాడ అందుకున్నాడు.

"నీ మాట రాశారా?"

"రాశారు."

"ఉన్నదున్నట్టేనా?"

"ఉన్నదున్నట్టే."

"పోనీలే" అన్నాడు. "ఎక్కడో ఒక చోట రాసైతే ఉంటుంది."

లోయలో మాట పాకడానికి కాళ్లక్కర్లేదు. తరవాతి వారం పొగాకు వేలంపాట దగ్గర నా వెనక ఇద్దరు మాట్లాడుకుంటున్నారు, నాకు వినపడాలనే.

"అల్లుడు గడుసువాడు. ఒక్క ముక్కతో కొడుకు అడ్డం తొలగించుకున్నాడు. పొలమంతా ఇక అల్లుడిదే."

"అదేంటి, మంచి మాటే కదా అన్నది?"

"మంచి మాటే. పట్నం దొరలకి ఎక్కదని తెలిసే అన్నాడు."

నేను తిరిగి చూడలేదు. జవాబు చెప్పలేదు. వాళ్లకెందుకు చెప్పాలి? వేరే మాట నా దగ్గర ఉంటే అదీ అనేవాణ్ణి. లేదు.

* * *

డెల్మర్ అన్నట్టే, మామ క్రిస్మస్ దాకా ఆగేటట్టు కనపడలేదు. డిసెంబరులో ఒక మధ్యాహ్నం గంజి తాగించబోతే గిన్నె పక్కకి తోసేశాడు.

"అల్లుడా, ఆ బోర్డువాళ్లేమన్నారు?"

ఆ సంగతి ఆయనకి నేను చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. అంత చెవి ఉన్నవాడికి చెప్పక్కర్లేదు కాబోలు. ఇన్ని నెలలు లోపల్లోపల ఎదురుచూశాడన్నమాట.

నేను అబద్ధాలాడే మనిషిని కాను. ఈ ఒక్క విషయంలో నా మీద ఎవడూ వేలెత్తలేడు.

"మార్చారు" అన్నాను.

మామ నా వైపు తిరిగాడు. ఊపిరి ఎగసిపడింది.

"ఏమని మార్చారు?"

"గౌరవంగా పంపామని."

"కాగితం నువ్వు చూశావా?"

"చూశాను."

"మరి వాడేం చేస్తున్నాడక్కడ, బ్యారన్‌లో ఎలకలు పడుతున్నాడా? తీసుకురా." దుప్పటి సర్దుకోబోయాడు. చేతకాలేదు. "ఆగు. ముందు నా జుట్టు దువ్వు."

దువ్వాను. మూడు వెంట్రుకలు. దువ్వి, బ్యారన్‌కి వెళ్లాను.

"పద. పిలుస్తున్నాడు."

డెల్మర్ లేచాడు. తలుపు దాకా వచ్చి నిలబడిపోయాడు.

"ఏం చెప్పావు ఆయనకి?"

"పద ముందు."

"ఏం చెప్పావు బావా?"

"మాట మారిందని చెప్పాను."

వాడు వెనక్కి వెళ్లి, ఆకు ఒలిచే బల్ల మీదే కూర్చున్నాడు.

"ఒరేయ్, ఆయనకి కళ్లు కనపడవు. రేపో మాపో పోతాడు. వెళ్లి చెయ్యి పట్టుకుని కూర్చో. ఏ కాగితం అయితే ఆయనకేంటి?"

"మార్పించుకొని రా అన్నాడు. మార్పించానని చెప్పి రా అనలేదు."

"నీకు బుద్ధుందా?"

"ఇన్నేళ్లు బయట నిలబడ్డాను బావా. దొంగతనంగా వెళ్లాలనుకుంటే మొదటి ఏడే వెళ్లేవాణ్ణి. వంటింటి తలుపు అక్క తీసే ఉంచేది."

"మీ అక్కుంటే చెవి పట్టుకుని ఈడ్చుకెళ్లేది."

"అక్కుంటే ఆయనకి అబద్ధం చెప్పేది కాదు."

అది నిజం. నిజం కాబట్టే నాకు ఒళ్లు మండింది. బల్ల మీద ఒలిచి పెట్టిన ఆకంతా ఒక్క తోపు తోశాను. వాడు వంగి ఒక్కొక్క కట్టా ఏరుకున్నాడు. ఏరి, పేర్చి, నా వెనకే బయటికొచ్చాడు. కంచె దాటాడు. పెరట్లోకి వచ్చాడు. మెట్ల దగ్గర ఆగిపోయాడు. నేను లోపలికెళ్లాను.

"వచ్చాడా?" అన్నాడు మామ.

"వస్తున్నాడు."

"బూట్లిప్పుతున్నాడేమో. చిన్నప్పట్నుంచీ వాడికి తాడు ముడిపడిపోతుంది." నవ్వుతున్నాడు. ఆ మొహం మీద నవ్వు నేనెప్పుడూ చూడలేదు. "వాళ్లమ్మ విప్పేది. తొందరపెట్టకు."

నేను తొందరపెట్టలేదు. కిటికీలోంచి చూస్తే వాడు టోపీ చేత్తో పట్టుకుని మెట్ల కింద నిలబడి ఉన్నాడు. మంచు పడుతోంది. ముసలాయన తలుపు వైపు తిరిగి పడుకున్నాడు. మెలకువ వచ్చినప్పుడల్లా అదే అడిగాడు, నేనూ అదే చెప్పాను. తెల్లారేసరికి అడగడం మానేశాడు.

ఇద్దరిలో ఎవర్నీ నేను క్షమించలేదు.

* * *

శవపేటిక ముందు గదిలో పెట్టాం. జనం వచ్చి చూసి వెళ్లారు. డెల్మర్ పెరట్లోనే ఉన్నాడు. ఇప్పుడు అడ్డం చెప్పేవాడెవడున్నాడు, రారా అని చుట్టాలు పిలిచారు. వాడు తల అడ్డంగా ఊపాడు. నేను పిలవలేదు.

మోసేవాళ్లు ఆరుగురు కావాలి. ఐదుగురమే లోపల ఉన్నాం. తలవైపు నా మూల నేనెత్తి, పక్క మూల కూడా రెండో చేత్తో పట్టుకుని గుమ్మం దాటించాను. భుజం పట్టేసింది. ఆఖరి మెట్టు దిగేసరికి డెల్మర్ అక్కడ ఉన్నాడు. ఏమీ అనకుండా ఆ మూల వాడి చేతికిచ్చాను. వాడు అందుకున్నాడు. మళ్లీ కొండ మీద దించేదాకా ఆ మూల కొంచెం కూడా వంగలేదు.

మామ యుద్ధం చేసినవాడు కాబట్టి సైన్యం ఇద్దరు కుర్రాళ్లని పంపింది. తెల్ల చేతితొడుగులు, ఇస్త్రీ మడతలు. పెట్టె మీద కప్పిన జెండా తీసి, ముక్కోణంగా మడిచారు. గాలికి చాలాసేపు పట్టింది. మడిచాక పెద్దవాడు నా వైపు వచ్చాడు. ముందు కుర్చీలో కూర్చోబెట్టింది నన్నే. ఊళ్లోవాళ్ల లెక్కలో ఇంటిమనిషిని నేనే.

"దగ్గరి బంధువు మీరేనా సార్?"

ఊరంతా నన్ను చూస్తోంది. డెల్మర్ వెనక, దేవదారు చెట్టు కింద ఉన్నాడు. నేను లేచి వెళ్లి వాడి మోచెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టాను.

"కొడుకు ఇతను" అన్నాను.

ఆ కుర్రాడికి ఏం తెలుసు? బురదలో మోకాలు ఆనించాడు. జెండా రెండు చేతులా వాడి ఒళ్లో పెట్టాడు. దేశం తరఫున, సైన్యం తరఫున, మీ నాన్నగారి సేవకి కృతజ్ఞతతో, అని బట్టీపట్టిన మాటలు నెమ్మదిగా చెప్పాడు. సైన్యం నోటి నుంచి డెల్మర్‌కి అంతకు ముందొచ్చింది ఒకే ఒక్క మాట. ఊళ్లో అందరికీ ఆ మాట తెలుసు. ఎవరూ కదల్లేదు.

కుర్రాడు లేచాడు. మోకాలి బురద తుడుచుకోలేదు. రెండడుగులు వెనక్కి వేసి, డెల్మర్ కళ్లలోకి చూస్తూ, మెల్లగా చెయ్యెత్తి సెల్యూట్ పెట్టాడు. పెట్టి అలాగే ఉన్నాడు.

డెల్మర్ కుడి చెయ్యి జెండా మీద నుంచి లేచింది. రొమ్ము దాకా వచ్చి ఆగిపోయింది. ఎత్తచ్చో ఎత్తకూడదో వాడికి తెలియలేదు. చుట్టూ చూశాడు, ఎవరైనా చెబుతారేమోనని. నా వైపు కూడా చూశాడు.

ఎత్తరా అని చెప్పడానికి ఆ కొండ మీద ఎవరికీ నోరు రాలేదు. నాకూ రాలేదు.